కుక్కకి పిల్లికూతలు వస్తే అది ఆస్తమానేనా?

ఈ ఎపిసోడ్ మా ఊరు చంద్రశేఖరపురం నుంచే రికార్డ్ చేస్తున్నా. వెనకాల మిషన్ సౌండ్ వినిపిస్తే ఏమనుకోవద్దు, కంది నూర్పిళ్ళు నడుస్తున్నాయి. ఆ దుమ్ము గురించి కూడా ఈరోజు మాట్లాడుకుందాం.

కొన్ని వారాల కింద పామూరు దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా కుక్క రాత్రిపూట దగ్గుతా ఉంది, ఆయాసపడతా ఉంది. మా నాన్నకి ఆస్తమా. అచ్చం ఆయనకి వచ్చినట్టే ఉంది. నాన్న ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు కొట్టొచ్చా? ఇక్కడందరూ ఆస్తమానే అంటున్నారు" అని.

"ఇక్కడందరూ ఆస్తమానే అంటున్నారు" అన్న ఆ ఒక్క ముక్క కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నా. తమ్ముడి కుక్కకి ఏమైందో మధ్యలో చెప్తాను.

ముందే ఒక మాట. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ఇటు వచ్చినోడిని. పశువుల డాక్టర్‌ని కాదు. అందుకని ఏ మందు ఎన్ని ఎంఎల్ వెయ్యాలో నేను చెప్పను, మీరు అడగొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు మన చేతిలో ఏముంది, ఏం చేస్తే కుక్క ప్రాణం మీదికి వస్తుంది, అది చెప్తాను.

ఆస్తమా ఉన్న మనిషి ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు సౌండ్ వస్తుంది కదా. దాన్ని మన తెలుగులో ఏమంటాం? పిల్లికూతలు అంటాం. ఎవరు పెట్టారో గానీ భలే పేరు పెట్టారు. ఎందుకంటే మన ఇళ్ళలో పెరిగే జంతువుల్లో నిజంగా మనిషిలాగా ఆస్తమా వచ్చేది పిల్లికే. కుక్కకి దాదాపుగా రాదు.

అదెట్టా అంటే, మన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే సన్న సన్న గాలి గొట్టాల చుట్టూ ఒక కండరం పొర ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి దుమ్మో పుప్పొడో తగిలితే ఆ కండరం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. గొట్టం సన్నబడుతుంది, లోపల వాపొస్తుంది, కఫం చేరుతుంది. నీలం రంగు ఇన్‌హేలర్‌లో ఉండే సాల్‌బ్యూటమాల్ ఆ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. అందుకే రెండు పఫ్‌లకే మనిషికి ప్రాణం లేచొస్తుంది. పిల్లిలో కూడా కథ దాదాపు ఇంతే. కుక్కలో మాత్రం ఆ కండరం అట్టా ఠక్కున బిగుసుకోవడం చాలా అరుదు. బిగుసుకోనిదాన్ని వదులు చేసే మందు కొట్టి లాభం ఏముంది?

ఇక్కడ చిన్న సైడ్ ట్రాక్. 1980ల్లో అమెరికాలో మనుషుల ఆస్తమాని స్టడీ చెయ్యడానికి బాసెంజీ, గ్రేహౌండ్ అనే రెండు జాతుల్ని కలిపి పుట్టించిన కుక్కల్ని వాడారు. వాటి గాలి గొట్టాలు మిగతా కుక్కల కంటే తేలిగ్గా బిగుసుకునేవి, అందుకని. అట్టాంటి కుక్కల్ని ప్రత్యేకంగా వెతుక్కోవాల్సి వచ్చిందంటే మన ఇంటి ముందు పడుకునే కుక్క సంగతి మీకే అర్థమవుతుంది.

మరి కుక్కలకి అలెర్జీలే రావా అంటే, బ్రహ్మాండంగా వస్తాయి. కాకపోతే ముక్కులో కంటే, ఛాతీలో కంటే చర్మం మీద ఎక్కువ బయటపడతాయి. ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు, పుప్పొడి, బూజు, ఇవన్నీ మనకి తుమ్ములు తెప్పిస్తే కుక్కకి దురద తెప్పిస్తాయి. పాదాలు అదే పనిగా నాక్కోవడం, చెవులు గోక్కోవడం, పొట్ట కింద ఎర్రబడటం, చంకల్లో వెంట్రుకలు ఊడిపోవడం చూసే ఉంటారు. "గజ్జి పట్టింది" అని తోలేస్తాం గానీ అందులో చాలావరకు అలెర్జీ కేసులు ఉంటాయి.

ఇంకా విచిత్రం ఏంటంటే, ఒళ్ళంతా ఒక్కసారిగా రియాక్షన్ వచ్చే సీరియస్ అలెర్జీ ఉంటుంది కదా, అందులో కూడా పిల్లికి దెబ్బ ముందు ఊపిరితిత్తుల మీద పడుతుంది, కుక్కకి ముందు కాలేయం, పేగుల మీద పడుతుంది. అందుకే తేనెటీగో కందిరీగో కుట్టిన కుక్క చాలాసార్లు ముందు వాంతి చేసుకుంటుంది, విరేచనం పెడుతుంది, కూలబడిపోతుంది. మూతి వాచడం కూడా మామూలే. నోటి లోపల కుట్టి గొంతు వాచిందంటే మాత్రం ఊపిరే ఆడదు. ఎగిరే పురుగు కనపడితే నోటితో పట్టడం కుక్కలకి సరదా కాబట్టి ఇది జరుగుతుంది. కుట్టిన తర్వాత మూతి ఉబ్బి, వాంతులయ్యి, కుక్క నీరసంగా కూలబడితే "తగ్గుద్దిలే" అని ఆగొద్దు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఆస్తమా కాకపోతే మరి ఆయాసం ఎందుకొస్తుంది?

కోడ్ రాసేవాళ్ళకి 500 ఎర్రర్ తెలుసు. సర్వర్ లోపల ఏదో అయింది అని చెప్తుందంతే, ఏమైందో చెప్పదు. డేటాబేస్ పడిపోయిందా, మెమరీ నిండిందా, ఎవడో రాత్రి పన్నెండింటికి కొత్త కోడ్ ఎక్కించాడా, ఏదైనా అవ్వచ్చు. కుక్క ఆయాసం కూడా అట్టాంటి ఎర్రరే. లాగ్స్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ కొడితే ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి ఉన్న డేటా కూడా పోతుంది. కారణం చూడకుండా మందెయ్యడం అంతే.

మొదటి లాగ్ మీ చెవులతోనే చదవచ్చు. కుక్క దగ్గర కూర్చుని చూడండి. కష్టం గాలి లోపలికి పీల్చేటప్పుడా, బయటికి వదిలేటప్పుడా? పీల్చేటప్పుడు గురక, గరగర, కీచుమనే సౌండ్ ఉంటే ప్రాబ్లం ఎక్కువగా పైన ఉంటుంది, అంటే ముక్కు, గొంతు వైపు. వదిలేటప్పుడు డొక్కలు ఎగరేసుకుంటా పొట్టతో నెడుతున్నట్టు ఉంటే కింద, ఛాతీలో సన్న గొట్టాల వైపు చూడాలి. సౌండ్ ఏమీ లేకుండా ఊరికే స్పీడ్‌గా ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల్లోనే నిమ్మో నీరో ఉండొచ్చు, లేకపోతే గుండె, రక్తం, జ్వరం, ఎండ, ఇట్టా వేరే చోట వెతకాలి. ఇది నూటికి నూరు పాళ్ళు కొలత కాదు గానీ డాక్టర్లు కూడా మొదలుపెట్టేది ఇక్కడి నుంచే.

పైన ప్రాబ్లం అంటే అందరికీ తెలిసిన కేసు పగ్. 2003లో హచ్ ఫోన్ యాడ్ వచ్చింది, ఒక పిల్లాడి వెనకాలే ఒక పగ్ తిరుగుతా ఉంటుంది. మనలో చాలామందికి అప్పుడు బడి వయసు. ఆ యాడ్ దెబ్బకి దేశమంతా పగ్‌లకి క్రేజ్ వచ్చేసింది. దాని మూతి చప్పగా ఉండేలా మనిషి తరతరాలుగా ఎంచుకుంటా వచ్చాడు. బొమికలు పొట్టిగా అయ్యాయి గానీ లోపలి కండ అంతే ఉంది. ముక్కు రంధ్రాలు సన్న గీతల్లాగా, అంగుడు వెనక మెత్తటి భాగం పొడుగై గొంతుకి అడ్డంగా. అది పెట్టే గురకని మనం క్యూట్ అని రీల్స్ చేస్తున్నాం. నిజానికి అది గాలి కోసం పడే తిప్పలు. నెదర్లాండ్స్‌లో 2019 నుంచి మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కల్ని ఈతలకి వాడనివ్వట్లేదు. మన దగ్గర ఇన్‌స్టాలో ఫొటో చూసి అడ్వాన్స్ కొట్టేస్తున్నారు. కొనే ముందు ఆలోచించండి, మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్ళు మనవి.

ఇంకొకటి, చూస్తే గుండె ఆగినంత పనయ్యేది, నిజానికి ఏమీ కానిది, రివర్స్ స్నీజింగ్. తెలుగులో తిరగతుమ్ము అనుకుందాం. కుక్క నిలబడి మెడ చాచి ముక్కుతో గుర్రుగుర్రుమని గాలి లోపలికి గుంజుకుంటుంది. అర నిమిషమో నిమిషమో. తర్వాత ఏం జరగనట్టు తోకాడించుకుంటా వెళ్ళిపోతుంది. దుమ్ము, పొగ, సెంటు, ఒక్కోసారి ఉత్త సంతోషం కూడా దీన్ని తెప్పిస్తాయి. అప్పుడప్పుడూ వస్తే మందు కూడా అక్కర్లేదు. రోజూ వస్తున్నా, ఒకే ముక్కు రంధ్రం నుంచి చీమిడో రక్తమో కారుతున్నా మాత్రం లోపల గడ్డి ముల్లు లాంటిదేమన్నా దిగిందేమో చూపించాలి.

మనవైపు ఇళ్ళలో "పొమేరియన్" అని పెంచే తెల్ల బొచ్చు కుక్కలు, ఇంకా చిన్న సైజు జాతులు, వీటికి వయసు పెరిగేకొద్దీ శ్వాసనాళం మెత్తబడి లోపలికి నొక్కుకుపోవచ్చు. బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది, మెడపట్టీ లాగితే ఎక్కువవుతుంది. ఒళ్ళు తగ్గించి, మెడకి బదులు ఛాతీకి వేసే బెల్టు వాడితే సగం నెమ్మదిస్తుంది. ముసలి లాబ్రడార్ అరుపు బొంగురుపోయి, ఎండలో పీల్చేటప్పుడు పెద్ద సౌండ్ వస్తుంటే స్వరపేటిక కండరాలు పడిపోతున్నాయేమో చూడాలి. ముసలితనం అని వదిలెయ్యొద్దు.

ఇప్పుడు ఇంకా కిందికి, ఛాతీలోకి వద్దాం. కుక్కల్లో ఆస్తమాకి చుట్టం అనదగ్గ జబ్బు ఒకటుంది. ఇస్నోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గాలి గొట్టాల్లోకి, ఊపిరితిత్తుల్లోకి గుంపుగా చేరి వాపు తెస్తాయి. అదొక అలెర్జీ లాంటి రియాక్షనే. వయసులో ఉన్న కుక్కల్లో ఎక్కువ, అందులో హస్కీల్లో ఇంకా ఎక్కువ. దగ్గి దగ్గి కక్కబోయినట్టు చేస్తాయి, కొన్నిటికి ముక్కు కారుతుంది. మంచు దేశం కుక్కని తెచ్చి కనిగిరి ఎండలో పెంచడం మీద నాకు వేరే కోపం ఉంది, అది ఇంకో ఎపిసోడ్.

దీనికి మందు స్టెరాయిడ్. చాలా కుక్కలు బాగా కోలుకుంటాయి. కాకపోతే కడుపులో, ఊపిరితిత్తుల్లో పురుగులున్నా అవే కణాలు పెరుగుతాయి కాబట్టి డాక్టర్ ముందు పేడ పరీక్షో, పురుగుల మందో చూస్తారు. ఎక్స్‌రే, రక్తపరీక్ష, కుదిరితే సన్న కెమెరా గొట్టం దింపి లోపలి నీళ్ళు తీసి పరీక్ష. స్టెరాయిడ్ మొదలుపెట్టాక కుక్క నీళ్ళు తెగ తాగుతుంది, తెగ పోస్తుంది, తిండికి ఆగదు. అది చూసి భయపడి, లేదా "తగ్గింది కదా" అని, మాత్రలు ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లిగా తగ్గించాలి.

రెండోది, అలెర్జీ ముద్ర లేని పాత దగ్గు. వేరే కారణం ఏదీ దొరక్కుండా రెండు నెలలకి మించి రోజూ దగ్గుతున్న కుక్కకి డాక్టర్లు దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. దీని దగ్గర మన ఊళ్ళ గాలి గురించి మాట్లాడాలి. కనిగిరి, పొదిలి వైపు పొగాకు బ్యారన్ల పొగ. మార్కాపురం వైపు పలకలు కోసేచోట రాతిదుమ్ము. కల్లాల్లో కంది పొట్టు, ఎండబోసిన మిరపకాయల ఘాటు. ఇంట్లో దోమల కాయిల్, సాంబ్రాణి, నాన్న బీడీ. మనం నిలబడి ఐదడుగుల ఎత్తులో పీలుస్తాం. కుక్క నేలకి అడుగెత్తులో, దుమ్ము పేరుకునే చోట, రాత్రంతా కాయిల్ పక్కనే పడుకుని పీలుస్తుంది. ఇది ఎక్కువగా అలెర్జీ కాదు, రాపిడి. గరుకు కాగితంతో రుద్దినట్టు గొట్టాల లోపలి పొర రోజూ దెబ్బతింటుంది. ఒకసారి మందమైన గొట్టం పాత రూపానికి రాదు, కానీ పొగ తీసేస్తే దగ్గు మాత్రం తగ్గుతుంది. ఖర్చు లేని వైద్యం, కాయిల్‌ని కుక్క పడుకునే చోటు నుంచి జరపండి. నూర్పిడి మిషన్‌కి గాలి వచ్చే వైపు కట్టెయ్యండి, పొట్టు ఎగిరే వైపు వద్దు.

ఇక గుంపుగా తిరిగే కుక్కల్లో, పిల్లల్లో వచ్చే అంటుదగ్గు ఉంది, కెన్నెల్ కాఫ్ అంటారు. పొడిగా, గొంతులో బొమిక ఇరుక్కున్నట్టు దగ్గుతుంది, చివర్లో తెల్ల నురుగు కక్కుతుంది. చాలాసార్లు ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. దగ్గుతో పాటు కళ్ళు, ముక్కు పుసి కారుతూ జ్వరముంటే డిస్టెంపర్ అనుమానించాలి, టీకా వేయించని పిల్లలకి అది ప్రాణాంతకం.

ఇక్కడ ఆగి ఒకటి గట్టిగా చెప్పాలి. "గొంతులో బొమిక ఇరుక్కున్నట్టుంది" అనగానే మన ఊళ్ళో ఏం చేస్తాం? ఒకడు కుక్కని పట్టుకుంటాడు, ఇంకొకడు నోట్లో చెయ్యి పెడతాడు. గొర్రెల మందల దగ్గర కూడా ఇదే చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. రేబిస్ వచ్చిన కుక్క ఎప్పుడూ సినిమాలో లాగా మీద పడి కరవదు. కొన్నిటిలో గొంతు, దవడ కండరాలు చచ్చుబడిపోతాయి. నోరు సగం తెరుచుకుని వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు, అరుపు మారిపోతుంది. చూసేవాళ్ళకి అచ్చం బొమిక ఇరుక్కున్నట్టే ఉంటుంది. అది నెమ్మదిగా, దీనంగా కూర్చుని ఉంటుంది కూడా, మనకి జాలేస్తుంది. ఆ జాలితో పెట్టిన చేతికి చిన్న గీత ఉన్నా చాలు, చొంగలోంచి వైరస్ ఎక్కుతుంది. లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు.

ఇప్పటికే ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే, కుక్క కరవకపోయినా, వేళ్ళ మీద గాయాలుంటే వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయొద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి జరిగింది చెప్పి టీకా మొదలుపెట్టండి, చెప్పిన రోజుల్లో అన్ని డోసులూ పూర్తి చెయ్యండి.

నోటితో ఇంకో ప్రమాదం, ఆముదమో, నీళ్ళో, సోడానో బలవంతంగా పట్టించడం. అసలే గాలాడక కొట్టుకుంటున్న కుక్క మింగలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పటిదాకా లేని న్యుమోనియా మనమే తెచ్చినట్టవుతుంది.

ఇప్పుడు ఛాతీ గొట్టాలతో సంబంధం లేకుండా వచ్చే ఆయాసం చూద్దాం. కుక్కకి మనలాగా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. ఎండలో రొప్పడం జబ్బు కాదు. నీడలోకి వచ్చి నీళ్ళు తాగాక కూడా ఆగకుండా రొప్పుతూ, తూలుతూ, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కితే వడదెబ్బ. మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి గాలి తగలనిచ్చి, చల్లబరుస్తూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. గోమార్లు, అంటే పిడుదులు, వాటి వల్ల వచ్చే జ్వరంలో రక్తం తగ్గిపోయి కూడా ఊపిరి స్పీడవుతుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటాయి. అక్కడ ఇన్‌హేలర్ ఏం చేస్తుంది చెప్పండి, రక్తం ఎక్కించదు కదా.

ఇక గుండె. పామూరు తమ్ముడి కుక్క దగ్గరికి వద్దాం.

తమ్ముడికి నేను అడిగింది ఒక్కటే. "రాత్రి అది గాఢంగా నిద్రపోయినప్పుడు పక్కనుంచి డొక్క కనపడేలా ఒక నిమిషం వీడియో తీసి పంపు." అందరూ ఇది చెయ్యొచ్చు, ఫోన్ చాలు. డొక్క ఒకసారి లేచి దిగితే ఒకటి. స్టాప్‌వాచ్ పెట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. నిద్రలో ఉన్న ఆరోగ్యమైన కుక్కకి నిమిషానికి 30 లోపే ఉంటుంది, చాలా కుక్కలకి 15 నుంచి 25 మధ్య. కల కంటూ కాళ్ళాడిస్తున్నప్పుడు, ఎండలో పడుకున్నప్పుడు లెక్కపెట్టొద్దు. మళ్ళీ మళ్ళీ లెక్కేసినా 30 దాటుతుంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. 40 దాటితే ఆ రోజే తీసుకెళ్ళాలి.

తమ్ముడు పంపిన వీడియోలో నిమిషానికి 48. పదేళ్ళు దాటిన చిన్న సైజు తెల్ల కుక్క. రాత్రి దగ్గు, పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. తెల్లారగానే బయల్దేరమన్నాను. పెద్దూళ్ళో ఎక్స్‌రే తీస్తే గుండె పెరిగి ఉంది, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది. చిన్న జాతి ముసలి కుక్కల్లో గుండె కవాటం అరిగి లీకవ్వడం బాగా మామూలు జబ్బు. నీరు దిగడానికి ఇంజెక్షన్, గుండెకి మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు నిద్రలో 24, 26 మధ్య ఉంటుందని రోజూ నోట్స్ యాప్‌లో రాస్తున్నాడు. పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, బతికినన్నాళ్ళూ మాత్రలు వెయ్యాలి.

ఒక్క నిమిషం ఆలోచించండి. సాల్‌బ్యూటమాల్ గుండెని వేగంగా కొట్టుకునేలా చేస్తుంది. ఇన్‌హేలర్ కొట్టి ఉంటే, అప్పటికే మొయ్యలేక మోస్తున్న గుండె మీద ఇంకో మూట ఎత్తినట్టయ్యేది.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు ఇది కూడా వినండి. ఇన్‌హేలర్‌ని కుక్కకి అందే చోట పెట్టకండి. ఒక డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లు ఉంటాయి. కుక్క దాన్ని బొమ్మ అనుకుని కొరికితే డబ్బా చిల్లుపడి మందంతా ఒకేసారి నోట్లోకి చిమ్ముతుంది. కాసేపటికే గుండె దడదడలాడుతుంది, వణుకు, వాంతి, రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్ళు నిలవవు. పల్లు పడ్డ డబ్బా కనపడితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ డబ్బా కూడా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. అట్టాగే మన జలుబు మాత్రలు, పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, వీటితో ప్రయోగాలు వద్దు. మనకి చిన్న మాత్ర, కుక్క కాలేయానికీ కిడ్నీకీ పెద్ద దెబ్బ.

న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. కుక్కలకి ఇన్‌హేలర్లు వాడరా అంటే వాడతారు. పాత దగ్గుకీ, ఇందాక చెప్పిన ఇస్నోఫిల్ జబ్బుకీ పీల్చే స్టెరాయిడ్ ఇస్తారు, చిన్నపిల్లలకి పెట్టినట్టు మూతికి మాస్క్, మధ్యలో స్పేసర్ గొట్టం పెట్టి ఏడెనిమిది సార్లు ఊపిరి తీయనిస్తారు. కానీ అది జబ్బేంటో తేలాక, డాక్టర్ లెక్కతో.

ఇప్పుడు ఆగకుండా బయల్దేరాల్సిన లక్షణాలు. నాలుక, చిగుళ్ళు నీలంగానో బూడిద రంగులోనో మారడం. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి మెడ చాచి నిలబడి, పడుకోడానికే ఒప్పుకోకపోవడం. పొట్టతో పంపు కొట్టినట్టు ఊపిరి తీయడం. స్పృహ తప్పి పడిపోవడం. అప్పుడు మెడపట్టీ విప్పండి, ఎత్తుకునేటప్పుడు ఛాతీ నొక్కకండి, కిటికీలు తీసిన బండిలో తీసుకెళ్ళండి. చుట్టూ పదిమంది మూగి అరవకుండా చూడండి, కంగారు పెరిగేకొద్దీ దానికి గాలి ఇంకా ఎక్కువ కావాలి.

ఎక్కడికి వెళ్ళాలి? మనవైపు మొదటి మెట్టు మండలంలో పశువుల ఆసుపత్రే. 1962 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది. మన రాష్ట్రంలో 2022 మేలో నియోజకవర్గానికొకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి, ఈ నంబర్ వాటిదే. ముఖ్యంగా గేదెలు, ఆవులు, గొర్రెల కోసం పెట్టింది కాబట్టి ఫోన్ ఎత్తగానే కుక్క అని, ఆయాసం అని ముందే చెప్పండి. ఎక్స్‌రే, స్కానింగ్ దాకా వెళ్ళే కేసైతే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీలకి ఆసుపత్రులున్నాయి. మనకి అందుబాటులో ఉండేవి ప్రొద్దుటూరు, తిరుపతి. కృష్ణా వైపు వాళ్ళకి గన్నవరం, ఉత్తరాంధ్ర వాళ్ళకి గరివిడి.

మా మండలంలోనే భైరవకోన ఉంది. కాలభైరవుడి వాహనం కుక్క అని మనందరికీ తెలుసు. అక్కడికొచ్చి దండం పెట్టుకునే ఊళ్ళలోనే కుక్కని డాక్టర్‌కి చూపిస్తామంటే నవ్వేవాళ్ళున్నారు, "కుక్కకి ఆసుపత్రేంట్రా" అని. నవ్వనివ్వండి.

డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "ఆస్తమా వచ్చింది సార్" అని మొదలుపెట్టకండి. వయసు, బరువు, జాతి చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి, పగలా రాత్రా, పీల్చేటప్పుడా వదిలేటప్పుడా, నిద్రలో నిమిషానికి ఎన్ని, చిగుళ్ళ రంగేంటి, టీకాలు పడ్డాయా, ఇప్పటికే ఇంట్లో ఏమన్నా మందేశారా, ఇవి చెప్పండి. చివరిది దాచొద్దు, తిడతారని భయపడి దాచితే కుక్కకే నష్టం. వీడియో రెండు ముక్కలు తీసి ఉంచండి, ఒకటి నిద్రలోది, ఇంకొకటి దగ్గు లేదా గురక వచ్చేటప్పటిది. ఆసుపత్రి టేబుల్ ఎక్కగానే దగ్గు ఆపేసే కుక్కలు చాలా ఉంటాయి.

ఈరాత్రే మీ కుక్క బాగున్నప్పుడు ఒకసారి లెక్కపెట్టి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రేపు తేడా వస్తే పోల్చుకోడానికి ఒక నంబర్ ఉండాలి కదా. వచ్చే ఎపిసోడ్‌లో గోమార్ల సంగతి చూద్దాం. ఉంటాను, నమస్తే.